పాటను చదివాం, వినలేదు

మన సాహిత్య విమర్శకు పాట అంటే అచ్చయిన పాట. ఏభై ఏళ్లుగా విప్లవ సాహిత్యంలో పాట సాధించిన స్థానాన్ని గురించి ఎన్నో వ్యాసాలు రాసుకున్నాం, సభల్లో పత్రాలు చదువుకున్నాం. కవిత్వం చేరలేని చోటుకు పాట చేరిందన్నాం. చదువురాని శ్రమజీవికి అందిన సాహిత్య రూపం పాటే అన్నాం. ఇవన్నీ నిజాలే. కాని ఆ వ్యాసాల్లో ఉదహరించినవన్నీ పాటల పుస్తకాల్లోంచి తీసిన పంక్తులు. పల్లవిలో ప్రతీక ఏమిటి, చరణంలో వర్గదృక్పథం ఎంత స్పష్టంగా ఉంది, మాండలికం ఎంత సహజంగా ఉంది - మన చర్చ అంతా ఇదే. ఆ పాటను ఏ గొంతు పాడింది, వంత ఎక్కడ అందుకుంది, డప్పు ఎక్కడ ఆగింది, ఆ ఆగడంలో సభ ఏం చేసింది అన్న ప్రశ్నలు మనం వేసుకున్నది చాలా తక్కువ.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పాట చరిత్రను రికార్డయిన శబ్దం వైపు నుంచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. 2016లో ఈ రెండు జిల్లాలూ అనేక జిల్లాలుగా విడిపోయాయి. పాట చరిత్రకు మాత్రం పాత హద్దులే వర్తిస్తాయి. నేను సంగీతశాస్త్రం చదివినవాణ్ణి కాను. గోదావరిఖనిలో బొగ్గుగని కార్మికుడి కొడుకుగా పెరిగి, నలభై ఏళ్లుగా టేపులూ రికార్డులూ వింటున్న శ్రోతను మాత్రమే. అమెరికా నల్లజాతి ప్రజల సోల్ సంగీతం, దాని పక్కనే పెరిగిన రాక్ సంగీతం కూడా వింటాను. ఈ రెండో అలవాటు మన పాటను వినడానికి ఎలా పనికొచ్చిందో చెప్పవలసి ఉన్నందువల్లనే ఇక్కడ నా సొంత సంగతులు కొన్ని వస్తాయి.

1. మూడు దారులు

"బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అని మా దిక్కు ఒక మాట ఉంది. ఊళ్లో బతుకు సాగని మనిషికి మిగిలిన మూడు దారులవి. రికార్డయిన పాట మా ఇళ్లలోకి వచ్చింది కూడా ఈ దారుల వెంటే.

అంతకు ముందు గ్రామఫోన్ ఉండేది. అయితే అది కంపెనీ వస్తువు. ప్లేటు తయారు కావాలంటే స్టూడియో కావాలి, ఫ్యాక్టరీ కావాలి, పెట్టుబడి కావాలి. మన దేశంలో చాలాకాలం ఆ వ్యాపారమంతా దాదాపుగా ఒకే కంపెనీ చేతిలో ఉంది. ఎవరి గొంతు ప్లేటు మీదికి ఎక్కాలో ఆ కంపెనీ నిర్ణయించేది. సినిమా పాట ఎక్కింది, నాటక పద్యం ఎక్కింది, హరికథ ఎక్కింది. తెల్లవారేదాకా సాగే ఒగ్గుకథకు మూడు నాలుగు నిమిషాల ప్లేటు మీద చోటెక్కడిది? ఊళ్లో గ్రామఫోన్ పెట్టె ఉన్నది దొర గడీలోనో, పట్నం హోటల్లోనో. అందుకని గ్రామఫోన్ కాలంలో మా ప్రాంతపు ప్రజలు వినేవాళ్లే తప్ప వినిపించేవాళ్లు కారు.

ఫిలిప్స్ కంపెనీ 1963లో విడుదల చేసిన క్యాసెట్టు ఈ సంబంధాన్ని మార్చింది. దాని ప్రత్యేకత శబ్దం నాణ్యతలో లేదు. నాణ్యతలో అది ప్లేటు కన్నా తక్కువే. వినే యంత్రమే నింపే యంత్రం కూడా కావడం దాని ప్రత్యేకత. రెండు టేపురికార్డర్లూ ఒక ఖాళీ టేపూ ఉంటే ఇంట్లో కూర్చుని ఒక పాటకు మరో ప్రతి తీసుకోవచ్చు. శబ్దానికి సంబంధించినంతవరకు ఉత్పత్తి సాధనం మొదటిసారిగా శ్రోత చేతికి వచ్చింది.

ఆ సాధనం మా దిక్కు ఎక్కువగా దుబాయి నుంచి వచ్చింది. జగిత్యాల, సిరిసిల్ల, మెట్‌పల్లి ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు కూలికి పోయినవాళ్లు సెలవుకు వచ్చినప్పుడు తెచ్చే వస్తువుల్లో టూ-ఇన్-వన్ ముఖ్యమైనది. మా మేనబావ 1987లో తెచ్చినది మా ఇంట్లో ఇరవై ఏళ్లు పనిచేసింది. ఉత్తరం రాయడం రాని ఆయన మా అత్తకు క్యాసెట్టు పంపేవాడు. ఒక దిక్కు మాటలు, రెండో దిక్కు పాటలు. బొంబాయి, భివండీలకు పోయిన నేతపనివాళ్ల సంచుల్లో కూడా క్యాసెట్లు అటూ ఇటూ తిరిగేవి. ఇక బొగ్గుబాయి కాలనీల్లో శ్రోతలకు కొదవలేదు. మూడు షిఫ్టుల పని కనుక ఏ వేళనైనా ఏదో ఒక క్వార్టర్లో టేపు మోగుతూనే ఉండేది.

ఈ సాంకేతిక చరిత్ర ఏ రాజకీయ చరిత్ర మధ్య నడిచిందో గుర్తుచేసుకోవాలి. జననాట్యమండలి 1972లో ఏర్పడింది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు జరిగాయి. చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. ఆ సంఖ్యను ప్రజాసంఘాలు ఎప్పుడూ ఒప్పుకోలేదు. అదే ఏడాది సింగరేణిలో సికాస పుట్టింది. అంటే పాటకు అవసరం పెరిగిన కాలమూ, పాట పాడే సభకు అనుమతి దొరకని కాలమూ ఒకటే. సభ పోలేని చోటికి క్యాసెట్టు పోయింది.

దీనికి పెద్ద ఉదాహరణ గద్దర్. 1985లో కారంచేడు తర్వాత ఆయన అజ్ఞాతంలోకి వెళ్లి, 1990 ఫిబ్రవరి 20న హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో జరిగిన సభతో తిరిగి ప్రజల మధ్యకు వచ్చాడు. నడుమ ఉన్న సుమారు అయిదేళ్లు మా తరానికి గద్దర్ అంటే క్యాసెట్టే. మనిషిని చూడకుండానే ఆ గొంతును ఒగరుస్తో సహా గుర్తుపట్టేవాళ్లం. సోదాలు జరిగే రోజుల్లో మా అమ్మ ఆ టేపులను బియ్యం డబ్బాలో అడుక్కు దాచేది. తర్వాత వాటిలోంచి తవుడు దులిపి మళ్లీ వినేవాళ్లం. 2023 ఆగస్టు 6న గద్దర్ చనిపోయిన రాత్రి నేను మొదట వెతికింది పాటల పుస్తకం కోసం కాదు, ఆ టేపుల కోసం.

2. క్యాసెట్టు ఇచ్చినదీ, తీసుకున్నదీ

క్యాసెట్టును కీర్తించి ఊరుకుంటే చరిత్ర సగమే అవుతుంది. అది పాటకు చేసిన నష్టం కూడా ఉంది.

మొదటిది నిడివి. మామూలు క్యాసెట్టుకు ఒక దిక్కు అరగంట. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు వంటి ఒగ్గు కళాకారుడు ఎల్లమ్మ కథను రాత్రంతా చెప్పగలడు. వినేవాళ్ల మొహం చూసి ఒకచోట సాగదీస్తాడు, ఇంకోచోట నవ్విస్తాడు, ఎదుట కూర్చున్న ముసలమ్మను కథలోకి లాగుతాడు. అరగంటకోసారి తిప్పవలసిన టేపులో ఆ స్వేచ్ఛ నిలవదు. కథ మిగిలింది, కథ చెప్పే సమయం పోయింది.

రెండవది స్థిరత్వం. సభలో గద్దర్ పాట ఏ రెండు రోజులూ ఒకలా ఉండేది కాదు. ఆ ఊరి దొర పేరు, ఆ వారం జరిగిన సమ్మె చరణంలోకి వచ్చేవి. క్యాసెట్టులోకి ఎక్కిన పాఠం మాత్రం అలాగే ఆగిపోయింది. చివరకు మా కాలనీలో ఒక కుర్రవాడు చరణం మార్చి పాడితే "టేపుల అట్ల లేదు" అని సరిదిద్దేవాళ్లు తయారయ్యారు. మారడమే ప్రాణమైన రూపానికి ప్రామాణిక పాఠం పుట్టింది.

మూడవది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, పేర్లు పోవడం. ఒకరి దగ్గర నుంచి ఒకరు ఎక్కించుకున్న టేపు మీద పెన్నుతో "విప్లవ గీతాలు" అనో "గద్దర్ పాటలు" అనో రాసి ఉండేది. అంతే. 1980లో విడుదలైన 'మా భూమి' సినిమాలో గద్దర్ పాడిన పాట సాయుధ పోరాట కాలపు బండి యాదగిరిది. అది గద్దర్ రాసిన పాట అనుకునేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. 'ఊరు మనదిరా' వినని తెలుగువాడు అరుదు. దాన్ని రాసిన గూడ అంజయ్య ఆదిలాబాద్ జిల్లా బిడ్డ అని, 2016లో చనిపోయాడని ఎంతమందికి తెలుసు? పాట ప్రజలదైపోవడం గొప్ప విషయమే. ఉద్యమంలో కళాకారుడు పేరు కోరుకోకపోవడం ఒక విలువ. నిర్బంధంలో పేరు దాచడం అవసరం కూడా. అయితే ఈ మూడు కారణాల వెనుక నాలుగోది ఒకటి దాక్కుంది. రాసినవాడి పేరు కొంతైనా మిగిలింది. ప్రధాన గాయకుడి పేరు బాగానే మిగిలింది. వంత పాడినవాళ్లు, డప్పు వాయించినవాళ్లు, కోరస్‌లో గొంతు కలిపిన స్త్రీలు మాత్రం దాదాపు పూర్తిగా మాయమయ్యారు. ఎవరి శ్రమకు పేరు ఉంది, ఎవరి శ్రమకు లేదు అని చూస్తే, సమాజంలోని కులమూ స్త్రీపురుష భేదమూ మన క్యాసెట్టు అట్ట మీద కూడా కనబడతాయి.

3. పేరు లేని ఒక టేపు

మా బావ తెచ్చిన పెట్టెలో పేరు లేని ఇంగ్లీషు టేపు ఒకటి ఉండేది. ఎవరు పాడారో తెలియదు, పాటల పేర్లు తెలియవు. ఆ ఇంగ్లీషు నాకు ఒక ముక్క అర్థమయ్యేది కాదు. అయినా వదలలేకపోయాను. మాట అర్థం కానందువల్ల నాకు చేయగలిగింది వినడమే. వింటూ ఉంటే ఒకే మనిషి రెండు గొంతులతో పాడుతున్నట్లు తోచింది. ఒక గొంతు ముందు పోతుంటే రెండోది దాన్ని ఓదార్చుతూ వెంట వస్తుంది. కింద లావుపాటి తీగ ఒకటి ఆగకుండా నడుస్తుంది. ఒక పాట ముగిసి మరొకటి మొదలయ్యే చోటు తెలియదు.

కొన్నేళ్ల తర్వాత హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం నాడు అదే సంగీతం అట్టతో సహా దొరికింది. మార్విన్ గే, 'వాట్స్ గోయింగ్ ఆన్', 1971. వియత్నాం యుద్ధం నుంచి తిరిగి వచ్చిన తమ్ముడి అనుభవాల నుంచి పుట్టిన ఆల్బం. యుద్ధం, నిరుద్యోగం, కాలుష్యం, బస్తీల్లో మత్తుమందు దాని విషయాలు. మొదటి పాటను విడుదల చేయడానికి కంపెనీ యజమాని మొదట ఇష్టపడలేదు. ఆ రెండు గొంతులు రెండు వేర్వేరు టేకులు. వాటిని పోల్చుకోవడానికి ఇంజనీరు ఒకదాని మీద ఒకటి వేసినప్పుడు గాయకుడికి నచ్చి అలాగే ఉంచేశాడు.

ఆ కంపెనీ మోటౌన్, డెట్రాయిట్‌లో 1959లో మొదలైంది. పెట్టిన బెర్రీ గోర్డీ అంతకు ముందు కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను కార్మికుడు. పాటలను కూడా ఆ పద్ధతిలోనే తయారు చేయాలనుకున్నాడు. ఆ ఊళ్లోనే 1967 జూలైలో తిరుగుబాటు జరిగి 43 మంది చనిపోయారు. 1968లో నల్లజాతి కార్మికులు డాడ్జ్ ఫ్యాక్టరీలో తమ విప్లవ యూనియన్ పెట్టుకున్నారు. కార్ల ఫ్యాక్టరీ ఊరి నుంచి వచ్చిన పాట బొగ్గుబాయి ఊళ్లో ఒక కుర్రవాణ్ణి ఎందుకు పట్టి ఆపిందో అప్పుడు కొంత అర్థమైంది. డెట్రాయిట్, గోదావరిఖని ఒకటని నేననడం లేదు. అక్కడ పాట మార్కెట్టు కోసం తయారైంది, ఇక్కడ ఉద్యమం కోసం. ఆ తేడాను చెరిపేస్తే ఈ పోలిక అబద్ధమవుతుంది. కాని గొంతునూ వాద్యాన్నీ వినడం నేర్చుకున్నది నేను ఆ టేపు దగ్గరే.

తర్వాత విన్న ఆల్బంలలో మన చర్చకు పనికొచ్చే నాలుగింటిని చెబుతాను.

జేమ్స్ బ్రౌన్ 1962 అక్టోబరులో న్యూయార్క్ హార్లెమ్‌లోని అపోలో థియేటర్లో చేసిన ప్రదర్శన 1963లో ఆల్బంగా వచ్చింది. జనం పాత పాటలే మళ్లీ కొనరని కంపెనీ యజమాని డబ్బు పెట్టనంటే బ్రౌన్ సొంత డబ్బుతో రికార్డు చేయించాడు. ఆ ఆల్బంలో గొప్పతనం సగం ప్రేక్షకులది. ఆడవాళ్ల కేకలు, గాయకుడు ఆగినచోట జనం పూరించడం లేకపోతే అది మామూలు పాటల వరస. మన సభల టేపుల్లో జనం గొంతును "గోల" అని మనమే కత్తిరించుకున్నాం. జనం కోసమే అని చెప్పుకున్న పాటలో జనం వినబడకుండా చేశాం.

అరేతా ఫ్రాంక్లిన్ 1967లో పాడిన 'రెస్పెక్ట్' అసలు ఓటిస్ రెడ్డింగ్ 1965లో రాసి పాడినది. ఆయన నోట అది ఇంటికొచ్చిన మగవాడు మర్యాద అడిగే పాట. ఆమె కొన్ని మాటలు మార్చింది, వెనుక చెల్లెలినీ అక్కనూ నిలబెట్టింది. వాళ్ల వంత తోడై అది స్త్రీలు హక్కుగా గౌరవం అడిగే పాట అయింది. పాఠం మాత్రమే చూసే విమర్శకు ఈ మార్పులో పావు వంతు కూడా అందదు. మన పాటల్లో స్త్రీల కోరస్ అందుకున్న చోటల్లా అర్థం ఎలా మారిందో ఎవరైనా పరిశీలించారా?

అదే గాయని 1972లో లాస్ ఏంజెలెస్‌లో ఒక చర్చిలో భక్తుల మధ్య పాడిన 'అమేజింగ్ గ్రేస్' మతగీతాల ఆల్బం. మతం కనుక మనం దూరం పెడతాం. కాని నల్లజాతి పౌరహక్కుల పోరాటానికి పాడే పద్ధతి ఆ చర్చిలోనే తయారైంది. మన పాట కూడా మల్లన్న కథ నుంచి, ఎల్లమ్మ కథ నుంచి, బతుకమ్మ నుంచి దరువులూ బాణీలూ తెచ్చుకుంది. రూపం తీసుకుని సారం మార్చామని చెప్పుకుంటాం. అది నిజమే. అయితే ఆ రూపాన్ని తరతరాలుగా కాపాడుతూ వచ్చిన మనిషి ఎవరన్న ప్రశ్నకు జవాబు బాకీ ఉన్నాం.

నాలుగవది రాక్. లెడ్ జెపెలిన్ రెండో ఆల్బం 1969లో వచ్చింది. దాని మొదటి పాటలో మాటలు కొన్ని తన పాటలోవని నల్లజాతి బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ 1985లో దావా వేశాడు. 1987లో రాజీ కుదిరింది, ఆయన పేరు పాటకు చేరింది. ఆ ఆల్బంలోని గిటారు నాకు ఇష్టమే. అయినా విన్న ప్రతిసారీ ఈ సంగతి గుర్తొస్తుంది. దోపిడీ శబ్దంలో కూడా జరుగుతుంది. దానికి భిన్నంగా, 'వాట్స్ గోయింగ్ ఆన్' అట్ట మీద మోటౌన్ మొదటిసారిగా వాద్యకారుల పేర్లు అచ్చువేసింది. లాభం కోసం పనిచేసే కంపెనీయే పన్నెండేళ్లకైనా ఆ పని చేసింది. లాభం లేని మనం మన డప్పు కళాకారుల పేర్లు రాసుకోలేదు.

4. అభ్యంతరాలు

రాక్, సోల్ సామ్రాజ్యవాద సంస్కృతి కదా, వాటితో మనకేం పని అని ఒక మిత్రుడు అడిగాడు. అడోర్నో 1941లో పాపులర్ సంగీతం మీద చేసిన విమర్శ నాకు తెలుసు. అచ్చుపోసిన సరుకు శ్రోతను కూడా అచ్చుపోస్తుందన్నాడు. ఆ మాటలో చాలా నిజం ఉంది. అయితే దానికి కొన్నేళ్ల ముందే వాల్టర్ బెంజమిన్ యాంత్రిక పునరుత్పత్తి కళను గర్భగుడి నుంచి బయటికి తెస్తుందనీ, దాన్ని రాజకీయాల చేతికి అందిస్తుందనీ చూపాడు. మా బియ్యం డబ్బాలోని క్యాసెట్టు బెంజమిన్ వైపు సాక్ష్యం. తర్వాత మన బాణీలనే పట్టుకుని సినిమా చేసిన వ్యాపారం అడోర్నో వైపు సాక్ష్యం. సరుకులో కూడా వైరుధ్యం ఉంటుంది. ఆ వైరుధ్యాన్ని పరిశీలించడమే విమర్శ పని, ముద్రవేసి పక్కన పెట్టడం కాదు.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. ఉద్యమంలో ప్రాణాలు పోతుంటే గొంతు గురించి, దరువు గురించి చర్చ విలాసం కాదా? మావో 1942లో యెనాన్‌లో వ్యాప్తినీ ప్రమాణాన్నీ రెంటినీ కలిపి చెప్పాడు. మనం వ్యాప్తిని లెక్కపెట్టాం. ప్రమాణం దగ్గరికి వచ్చేసరికి పాఠాన్ని కొలిచి, పాడటాన్ని వదిలేశాం. డప్పు మీద సిర్ర, సిటికెన పుల్ల ఎప్పుడు ఏది పడుతుందో తెలిసిన మనిషి జ్ఞానం మన లెక్కలో జ్ఞానంగా రాలేదు. పాటను చదవగలిగినవాడు విమర్శకుడయ్యాడు, వాయించగలిగినవాడు కళాకారుడిగా కూడా నమోదు కాలేదు.

ఆదిలాబాద్ అడవి వైపు చూస్తే ఈ లోపం ఇంకా పెద్దది. గోండుల పురాణాలు పాడే ప్రధానులు, వాళ్ల కీక్రి, దండారీలో మోగే వాద్యాలు మన పాటల చరిత్రలో ఒక వాక్యం దాటలేదు. కొమురం భీం మీద నవల వచ్చింది, పాటలు వచ్చాయి. వాటిలో ఎక్కువ తెలుగు పాటలే. నిజాం కాలంలో అక్కడ పనిచేసిన హైమెండార్ఫ్ తీసిన ఫోటోలు, ఫిల్ములు లండన్‌లో ఒక విశ్వవిద్యాలయ సంస్థలో భద్రంగా ఉన్నాయి. పాలకుల తరఫున వచ్చిన పరిశోధకుడి సామగ్రి నిలిచింది. ప్రజల తరఫున పాడిన గొంతులు ఇళ్లలో బూజు పడుతున్నాయి.

5. చేయవలసిన పని

అయస్కాంతపు పూత పూసిన టేపు ఎల్లకాలం ఉండదు. తేమకు అతుక్కుపోతుంది, పూత రాలుతుంది, శబ్దం పక్క చుట్టకు దిగుతుంది. 1980ల టేపులకు ఇప్పటికే నలభై ఏళ్లు. వాటిలో గొంతులను గుర్తుపట్టగలిగిన మనుషులు అంతకన్నా వేగంగా వెళ్లిపోతున్నారు. అందువల్ల రచయితలూ సాహిత్య విద్యార్థులూ తమ ఊళ్లలో టేపులు వెతికి, ముందు కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఆ తర్వాత పక్కన ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టుకుని వింటూ రాసుకోవాలి: ఎవరు పాడారు, ఎవరు అందుకున్నారు, డప్పు ఎవరిది, ఏ ఊరి సభ, ఏ నెల. పేరు తెలియకపోతే తెలియదనే రాయాలి. పాట మీద పరిశోధన చేసే విద్యార్థి ఒక్క పాటకైనా అచ్చయిన పాఠాన్ని, రెండు మూడు రికార్డులను పక్కపక్కన పెట్టి చూడాలి.

ఈ మధ్య నేను ఎక్కించిన టేపుల్లో మా కాలనీ సభది ఒకటి ఉంది. ఎవరో కింద కూర్చుని మామూలు టేపురికార్డరు మీద పట్టినది. రెండు పాటల మధ్య చాలాసేపు ఏమీ ఉండదు. గాలి, జనం మాటలు, పిల్లవాడి ఏడుపు. మొదట్లో ఆ భాగాన్ని తీసేద్దామనుకున్నాను. చెవి పెట్టి వింటే ఎవరో "ఇంకింత కాగనియ్యిరా" అంటున్నాడు. ఇంకో గొంతు ఒక పేరు పెట్టి పిలిచి, కట్టెలు దగ్గరికి జరపమంటుంది. డప్పు కాపుతున్నారు. కాసేపటికి ఒక్క దెబ్బ వినిపిస్తుంది, సరిపోలేదు. మళ్లీ కాపుతారు. రెండోసారి కొట్టినప్పుడు మోత నిండుగా వస్తుంది, జనం సర్దుకుంటారు, పాట మొదలవుతుంది.

ఆ పాట మా దగ్గరున్న పాటల పుస్తకంలో ఉంది. అక్కడ అది పల్లవితో మొదలవుతుంది. టేపులో మాత్రం ఆ మంట దగ్గర మొదలవుతుంది. అక్కడ వినిపించిన పేరు ఎవరిదో తెలుసుకోవడానికి నేను మళ్లీ కాలనీకి పోతున్నాను.